కోత కూలీ మిగిలింది

"వెటకారానిదేముందండీ, మనసులో ఉన్నదానికి ఉల్టా మాట్లాడ్డమేగా!" ఈ ముక్క బడిలో పంతుళ్ళు చెబుతారు, టీవీలకి హాస్యం రాసేవాళ్ళు చెబుతారు, వ్యక్తిత్వ వికాసం క్లాసులు పీకేవాళ్ళు ఇంకాస్త గట్టిగా చెబుతారు. ఈ సూత్రానికి తోకలూ ఉన్నాయి. మాట ఉల్టా అయిందని గొంతులోనే తెలిసిపోతుందట. తెలిసినా పట్టుకోలేనివాడు మొద్దట. ఇక ఈ విద్య మీద సర్వహక్కులూ గోదావరి జిల్లాలవట. ఇంత సులువుగా తేలిపోయిన సంగతి మీద మళ్ళీ బుర్ర పెట్టాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. సూత్రమూ తప్పే, దాని తోకలూ తప్పే అని నా వాదన. నిరూపించడానికి అలంకారశాస్త్రం దాకా పోనక్కర్లేదు (పోతాం, తప్పదు). ముందు నూజివీడు మామిడి తోటల దాకా వెళ్ళొద్దాం.

ఏప్రిల్ నెలాఖరు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఎటు చూసినా బంగినపల్లి కాయ ముదిరి కోతకి సిద్ధంగా ఉంటుంది. కోతంటే కొమ్మ పట్టుకు దులపడం కాదు. కూలివాళ్ళు చిక్కం కట్టిన గెడతో కాయకాయనీ తొడిమతో సహా దించాలి. తొడిమ విరిగి సొన కారితే తొక్క మీద మచ్చ పడుతుంది, మచ్చ పడిన కాయ మొహం బజార్లో ఎవడూ చూడడు. అందుకే కోత కూలీ అనగానే రైతు గుండెల్లో రాయి పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సాయంత్రంపూట గాలిదుమారం లేస్తుంది. తెల్లారేసరికి చెట్టు మీద ఉండాల్సింది చెట్టు కింద ఉంటుంది. రాలినకాయ దూరం పోయే లారీ ఎక్కదు, ఎవరెంతకి అడిగితే అంతకి ఇచ్చుకోవాలి. ఆ పొద్దున పక్కతోట కుర్రాడు గట్టు మీద ఆగి "ఎలా ఉంది బాబాయ్?" అంటాడు. తోట పెద్దాయన కింద పడిన కాయ ఒకటి తీసి, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసి, "బానే ఉందిరా అబ్బాయ్. ఈ ఏడు కోత కూలీ మిగిలింది" అంటాడు.

ఇప్పుడు ఆ సూత్రం తీసుకురండి, ఈ మాటని తిరగెయ్యండి. "ఈ ఏడు కోత కూలీ మిగల్లేదు." ఏమైనా అర్థం వచ్చిందా? రాలేదు సరికదా, అబద్ధం వచ్చింది. ఎందుకంటే ఆ పెద్దాయన అన్నమాట అక్షరాలా నిజం. కాయ దానంతట అదే రాలాక గెడ పట్టేవాడితో పనిలేదు, కూలీ ఇవ్వక్కర్లేదు, డబ్బు మిగిలినట్టే. నిజం చెప్పి కూడా ఎత్తిపొడవచ్చు అన్నమాట. అలాంటప్పుడు "ఉన్నదానికి ఉల్టా" అన్న నిర్వచనం మొదటి అడుగులోనే కూలింది.

మరి అందులో వెటకారం ఎక్కడుంది? ఫిబ్రవరిలో పూత మీద మంచు చూసి భయపడుతూ, మార్చిలో పిందె చూసి కాస్త ఊపిరి పీల్చుకుంటూ, టీకొట్టు దగ్గర చేరిన రైతులందరూ అనుకునే మాట ఒకటుంది: ఈ కూలి రేట్లు తట్టుకోలేకపోతున్నాం, ఆ ఖర్చొక్కటి తగ్గితే ఒడ్డున పడతాం. ఆ కోరికే ఈ పొద్దున తీరింది. దేవుడు వరమిచ్చాడు. పెద్దాయన చేసిందల్లా ఆ పాత కోరికని, అది తీరిన తీరు పక్కన నిలబెట్టి, మళ్ళీ వినిపించడం. ఆయన నవ్వుతున్నది ఆ ఆశని చూసి, ఆ ఆశ పెట్టుకున్న తన్ను చూసుకుని. 1981లో డాన్ స్పెర్బర్, డెయిర్‌డ్రి విల్సన్ అనే ఇద్దరు ఇదే సంగతిని సిద్ధాంతంగా రాశారు: వ్యంగ్యంగా మాట్లాడేవాడు మాటని వాడడు, ఎవరో అన్నదాన్నో అనుకున్నదాన్నో ప్రతిధ్వనిస్తాడు, దానికి తాను ఎంత దూరంలో ఉన్నాడో చూపిస్తాడు అని. వాళ్ళ సిద్ధాంతం మీద తర్వాత చాలా తగువులు నడిచాయి. నడవనివ్వండి. గట్టు మీద పెద్దాయనకి మాత్రం అది అతికినట్టు సరిపోయింది.

ఉల్టా వాదులు ఇంకొంత దూరం వెనక్కి తగ్గి, "అది అరుదైన సంగతి, మామూలుగా తిరగేస్తే సరిపోతుంది" అంటారు. అరుదట! పొలంలో పనికి తెల్లప్యాంటు వేసుకొచ్చిన కుర్రాణ్ణి "ఏరా, పెళ్ళికొచ్చావా, కోతకొచ్చావా?" అని అడుగుతారు. ప్రశ్నని ఎటు తిరగేస్తారు? పొద్దెక్కేదాకా పడుకున్న కొడుకుతో వాళ్ళమ్మ "లేచారా బాబుగారూ, కాఫీ పంపించమన్నారా?" అంటుంది. కాఫీ నిజంగానే పంపిస్తుంది. అందులో గుచ్చుకున్నదల్లా ఆ "బాబుగారు", ఆ "అన్నారా". తెలుగింట్లో కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. "నువ్వు" అన్నంతసేపూ భయం లేదు, "తమరు" దగ్గరికి వచ్చిందంటే ఆ పూట అన్నం అనుమానమే. మర్యాదకి ఉల్టా ఏదో చెప్పి, దాన్ని ఆ వాక్యంలో పెట్టి చూడండి. వచ్చేది ఉత్త తిట్టు. తిట్టాలంటే ఆ తల్లికి తిట్టడం రాదా?

ఈమధ్య పురుగు, మచ్చ తగలకుండా చెట్టు మీద కాయకే కాగితం కవర్లు తొడుగుతున్నారు. కవరుకో ఖర్చు, తొడిగేవాడికో ఖర్చు. "మా పిల్లలకి చొక్కాలు వచ్చే ఏడు చూద్దాం, ఈ ఏటికి కాయలకి తొడిగేశాం" అని ఆ ఇంటావిడ అంటే అందులో అబద్ధం ఎక్కడుంది?

పోనీ పల్లెటూరి మాటలు వదిలేద్దాం, పెద్దల మాటలే తీసుకుందాం. 17వ శతాబ్దంలో గోల్కొండ చెరసాలలో కూర్చుని కంచర్ల గోపన్న రాముణ్ణి దెప్పిన సంగతి తెలియని తెలుగిల్లు లేదు. సీతమ్మకి ఏం చేయించాడో, లక్ష్మణుడికి ఏం చేయించాడో, దేనికెంత పోశాడో దేవుడికి వరసగా పద్దు చదివి వినిపిస్తాడు. పద్దులో ఒక్క దొంగలెక్క లేదు. ఆ సొమ్ము పోసిన నేరానికే ఆయన లోపల ఉన్నాడు. ఆ తరవాత అడుగుతాడు, ఇదంతా మీ నాన్న పెట్టాడా, మీ మామగారు పంపాడా అని. నిజాలు, ప్రశ్నలు. తిరగెయ్యడానికి దొరికేది ఒక్కటీ లేదు. అయినా తెలుగులో అంతకంటే సూటిగా తగిలిన ఎత్తిపొడుపు ఇంకోటి చెప్పండి, వింటాను.

ఇంకో సాక్షి ఉన్నాడు. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉంది. ఆయన మీద కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం చెప్పాడు. నిందాస్తుతికి తెలుగులో దాన్ని మించిన పేరున్న శతకం లేదు. నిందాస్తుతి అంటేనే నిందని తిరగేస్తే స్తుతి కదా, మా సూత్రం గెలిచింది అంటారేమో ఆగండి. ఇల్లు నడిపేది భూదేవీ లక్ష్మీ, సృష్టి చేసేది కొడుకు, ఊరికే సంసారి అన్న పేరు మాత్రం నీకొచ్చింది అన్న తరహాలో ఆ కవి దేవుణ్ణి నిలదీస్తాడు. పురాణం లెక్కన అందులో అసత్యం లేదు. ఇదంతా తెలిసినవాడికి ఆ నింద వెనక ఉన్న చనువు, గర్వం వినిపిస్తాయి. తెలియనివాడి చేతిలో ఆ పద్యాన్ని పెట్టి "తిరగేసి చదువుకో" అంటే వాడికి మిగిలేది "దేవుడు గొప్పవాడు" అన్న రెండు ముక్కలు. పద్యం పోయింది. తిరగేతతో దొరికే అర్థం ఎంత పేదదో అక్కడే తెలుస్తుంది.

ఇక గొంతు సంగతి. సాగదీసిన "అబ్బో", ముక్కుతో పలికిన "ఆహాహా", ఇవి ఉన్నాయి, కాదనను. అవి వెటకారంలో ఒకటో తరగతి పాఠాలు. చెయ్యి తిరిగినవాళ్ళు గొంతు కదపరు. తేనెమంచు పురుగుకని పురుగుమందుల షాపులో ఇచ్చిన డబ్బా మూడుసార్లు కొట్టించినవాడు, నాలుగోసారి అదే షాపు అరుగెక్కి, ఉప్పో పప్పో అడిగినంత మామూలుగా, "మందు బాగా పనిచేసిందండీ, పురుగు బలం పుంజుకుంది. ఇంకో డబ్బా ఇవ్వండి" అంటాడు. షాపతను ఒక క్షణం ఆగుతాడు. ఆ ఆగడమే ఇతనికి కావాల్సింది. గొంతులో ఏదైనా తేడా ఉంటే ఆ క్షణం దొరికేది కాదు.

11వ శతాబ్దంలో కాశ్మీరంలో మమ్మటుడు కావ్యప్రకాశం రాస్తూ, పైకి కనబడే అర్థం వెనక ఇంకో అర్థం తోచడానికి ఏమేం తోడ్పడతాయో ఒక జాబితా ఇచ్చాడు. చెప్పేవాడెవడు, వినేవాడెవడు, గొంతెలా ఉంది, వాక్యం ఎలా కట్టాడు, దాని పైఅర్థం ఏమిటి, పక్కన మూడోమనిషి ఉన్నాడా, సందర్భమేమిటి, ఏ చోటు, ఏ కాలం. గొంతు అన్నది ఇందులో ఒక్కటి. ఒకే ఒక్కటి. మనవాళ్ళు తక్కినవన్నీ వదిలేసి దాన్నే పట్టుకున్నారు, చెవికి వినబడేది అదొక్కటే గనక.

చోటు అంటే ఎంత పని చేస్తుందో చూడండి. అదే "ఈ ఏడు కోత కూలీ మిగిలింది" అన్న మాట గుడివాడ వైపు వరి రైతు నోట, కోతమిషను తెప్పించుకున్న ఏడాది, అదే గొంతుతో వచ్చిందనుకోండి. అది శుభవార్త. అందులో వెతికినా ముల్లు దొరకదు. కాలం మార్చండి: మామిడి పెద్దాయనే జూన్‌లో లెక్కలు చూసుకుంటూ అంటే అది పద్దు. మూడోమనిషిని తెచ్చి పెట్టండి: పూత మీదే తోట కొనుక్కున్న వ్యాపారి రాలిన కాయల మధ్య తలపట్టుకుని నిలబడ్డాడు, తోట యజమాని అతని పక్కన చేరి "మీకు కోత కూలీ మిగిలిందండీ" అన్నాడు. ఇప్పుడదే మాట కత్తి. మొదటి పెద్దాయన తన్ను తాను పొడుచుకున్నాడు, ఈయన ఎదుటివాణ్ణి పొడిచాడు. మాట మారలేదు, గొంతు మారలేదు.

గొంతు వినబడని చోట ఏం చెయ్యాలో తెలియక తెల్లవాళ్ళు చాలా తంటాలు పడ్డారు. 1899లో ఆల్కాంటర్ ద బ్రాం అనే ఫ్రెంచి కవి వ్యంగ్యానికి ప్రత్యేకంగా ఒక విరామచిహ్నం పెడదామన్నాడు. ఎవరూ పెట్టలేదు. 1982లో స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ ప్రొఫెసరు, ఇది జోకు అని తెలియడానికి రెండు చుక్కలూ గీతా బ్రాకెట్టూ కలిపి నవ్వుమొహం పెట్టమన్నాడు. అది అందరూ పెట్టారు, ఇప్పుడు పసుప్పచ్చ బొమ్మలై మన ఫోన్లలో ఉంది. దానితో సమస్య తీరిందా? బొమ్మ పెట్టిన వెటకారం సగం చచ్చిన వెటకారం. 2014లో అమెరికా సీక్రెట్ సర్వీసు వాళ్ళు ట్వీట్లలో వెటకారం పసిగట్టే సాఫ్ట్‌వేర్ కావాలని టెండరు పిలిచారు. పొగడ్త మాట, చెడ్డ సంగతి ఒకే వాక్యంలో ఢీకొంటే యంత్రం పట్టుకోవచ్చు: "అద్భుతమైన బస్సు, మూడు గంటలు లేటు" లాంటివి. "కోత కూలీ మిగిలింది" దాని ముందు పెట్టండి. పొదుపు చేసిన రైతు అని రాసుకుంటుంది.

గోదావరి పేటెంటు గురించి ఎక్కువ సిరా ఖర్చు పెట్టను. గోదావరి మనుషుల మాటతీరంటే నాకూ ఇష్టమే. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు, అప్పటిదాకా కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు, పశ్చిమ గోదావరికి కేంద్రంగా ఉన్న ఏలూరు పేరు మీద ఏర్పడ్డ జిల్లాలోకి వెళ్ళింది. 3వ తేదీ రాత్రి దాకా వెటకారం రానివాళ్ళకి 4వ తేదీ పొద్దున గెజిట్ చదవగానే వచ్చేసిందా? గిరీశం నోటికి మాటలు ఇచ్చిన గురజాడది విజయనగరం. కోర్టుల్నీ సారా కొట్లనీ పక్కపక్కన కూర్చోబెట్టిన రావిశాస్త్రిది విశాఖ. ఒక నది నీళ్ళలో ఉందనుకునే విద్య సినిమావాళ్ళకి పనికొస్తుంది. యాస తగిలించిన ప్రతి మాటకీ హాల్లో నవ్వుతారు గనక వాళ్ళకి ఇంకేం రాయాల్సిన పనిలేదు.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది "అర్థం కానివాడు మొద్దు" అన్న మాటకి. వ్యంగ్యం పట్టుకోవడం తెలివికి కొలబద్దట!

నూజివీడులో ఒక వీధి అనుకోండి, మే నెల. అనంతపురం వైపు నుంచి వచ్చిన కొత్తకోడలు మొదటిసారి తన చేత్తో ఆవకాయ పెట్టింది. పక్కింటావిడ గోడవార నిలబడి "పిన్నిగారూ, మీ కోడలు ఆవకాయ పెట్టిందటగా?" అంది. అత్తగారు "పెట్టిందమ్మా. జాడీ మూత కూడా తియ్యక్కర్లేదు, వాసన వీధి చివరికి వెళ్తోంది" అంది. కోడలు మొహం విప్పారింది. "మా అమ్మ పెట్టినా అంతేనత్తయ్యా" అంది. గోడవతల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కోడలు మొద్దు, అంతేగా? ఆగండి. అత్తగారి ఉద్దేశం: ముక్కల తడి ఆరకుండా, ఉప్పు చాలకుండా కలిపింది, అప్పుడే వాసనొచ్చేసింది అని. ఆ కొంగులు అడ్డం పెట్టుకున్నవాళ్ళు నవ్విందో? రెండేళ్ళ కిందట ఇదే అత్తగారి జాడీ బూజు పట్టింది. రాత్రివేళ ఎవరూ చూడకుండా ఆమె దాన్ని మురిక్కాలవలో కుమ్మరించడం వీధంతా చూసింది. "వాసన వీధి చివరికి" అన్న మాట మొదట పుట్టింది అప్పుడు, ఆమె గురించి. ఆ సంగతి ఆమెకి ఈనాటికీ తెలియదు. అంటే ఒక్క వాక్యం ముగ్గురికి మూడు రకాలుగా అందింది. కోడలికి మెప్పుగా, అత్తగారికి కోడలి మీద విసురుగా, వీధికి అత్తగారు తన మీద తానే విసురుకున్న రాయిగా. వీళ్ళలో ఎవరి తెలివి తక్కువ? తక్కువైంది తెలివి కాదు, ఆ వీధిలో రెండేళ్ళ కాపురం. ఆ రెండేళ్ళూ అక్కడ ఉండి ఉంటే కోడలే ముందు నవ్వేది. ఇక మాట అన్న మనిషికే తన మాట పూర్తిగా అందలేదన్నది చూశారుగా.

ఊరి పక్కనే ఇంకో నిదర్శనం ఉంది. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీకి పదో తరగతి మార్కుల మీద పిల్లల్ని తీసుకుంటారు. శ్రీకాకుళం కొస నుంచి సీమ దాకా పల్లెటూరి బళ్ళలో ముందు వరసలో నిలిచిన పిల్లలు వాళ్ళంతా. అలాంటి పిల్లాడు నూజివీడు బజార్లో బుట్ట ముందు ఆగి "ఇవి తియ్యగా ఉంటాయా అండీ?" అని అడిగితే, బుట్టమ్మ "లేదు నాయనా, చేదువే ఏరి తెచ్చా" అంటుంది. వాడికి వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే అమ్మేవాళ్ళు ఎవరూ చేదుకాయ ఏరి తేరని ఏ ఊరివాడికైనా తెలుసు. అదే పిల్లాడి ముందు ఇద్దరు వ్యాపారులు "కలెక్టరు పరువు పోయింది ఈ ఏడు, జ్యూసు ఫ్యాక్టరీవాడు కూడా నమస్కారం పెట్టట్లా" అనుకుంటే పాపం వాడు జిల్లా అధికారికి ఏమైందో అని కంగారుపడతాడు. తోతాపురిని ఇక్కడ కలెక్టరు కాయ అంటారని, అది జ్యూసుకి పోతుందని, ధర లేని ఏడాది ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయని వాడికి ఎవరు చెప్పారు? లెక్కల్లో నూటికి నూరొచ్చినవాడు మొద్దు అయ్యాడా, ఊరికి కొత్తవాడయ్యాడా?

ఇంకో సంగతి. పక్షవాతంలో మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి వ్యాకరణం పోదు, మాటలు పోవు, లెక్కలు పోవు, ఎత్తిపొడుపు మాత్రం అందకుండా పోతుంది. ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరికి, మహా తెలివైనవాళ్ళకి కూడా, ఇది కష్టంగా ఉంటుంది. వీళ్ళందరినీ కలిపి మొద్దులనే జాబితాలో రాసేసి నవ్వుకునేవాడికి ఏ కొలబద్ద పెట్టాలో మీరే చెప్పండి.

2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరికొందరు కలిసి ఒక పరీక్ష చేశారు. కొందరిచేత వ్యంగ్యంగా కొన్ని, మామూలుగా కొన్ని వాక్యాలు ఈమెయిల్‌లో పంపించారు. ఏది ఏదో అవతలివాళ్ళు ఇట్టే పట్టేస్తారని పంపినవాళ్ళ ధీమా. తీరా చూస్తే అవతలివాళ్ళు చెప్పినవి బొమ్మాబొరుసూ వేసి చెప్పినదానికంటే పెద్ద మెరుగ్గా లేవు. రాసేవాడికి తన గొంతు తన చెవిలో వినబడుతూనే ఉంటుంది, అది కాగితం మీదికి రాలేదన్న సంగతి వాడికి తట్టదు. తప్పు ఎవరిదంటారు? మనం మాత్రం ప్రతిసారీ విన్నవాడి నెత్తినే వేస్తాం: "వాడికి జోకు అర్థం కాదు."

కొన్నిసార్లు ఆ మాట అంతకంటే పెద్ద దుర్మార్గాన్ని దాస్తుంది. తోటలో పనికొచ్చే దళిత కుర్రాడు ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండి మీద వచ్చాడు. గట్టు మీద కుర్చీలో ఉన్న ఆసామి "రండి రండి దొరగారూ, కుర్చీ వెయ్యమంటారా?" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. కుర్రాడు నవ్వలేదు. "ఊరికే సరదాకన్నాన్రా, నీకు హాస్యం తెలియదు" అన్నాడు ఆసామి. ఆ కుర్రాడికి తెలియకపోవడమేమిటి? అక్కడున్న అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. ఆ మాటలో ఏ తరం నాటి గొంతు వినబడుతోందో, ఆ కుర్చీ ఎవరికి ఎప్పుడూ వెయ్యలేదో అతనికి తెలిసినంతగా ఆ ఆసామికే తెలియదు. నవ్వకపోవడాన్ని అర్థం కాకపోవడం కింద జమకట్టడం మన సమాజం చాలా తెలివిగా నేర్చుకున్న లెక్క.

ఇది చూపించి ఇంకొకరు లేస్తారు: "అందుకేనండీ, వెటకారమే వద్దు, మనసులో మాట సూటిగా చెప్పాలి" అని. శనివారం హోటల్ హాల్లో, మైకు పట్టుకుని, చెప్పడానికి చాలా బాగుంటుంది. ఈ సలహా ఎవరికి? అన్నవాడి చేతిలో కుర్చీ ఉంటే వెటకారం అహంకారమే, కాదనను. కుర్చీ అవతల నిలబడ్డవాడి సంగతి వేరు.

మామిడి రైతుకి పూత సమయంలో మందులకీ దున్నకాలకీ డబ్బు కావాలి. బ్యాంకు దగ్గర దొరక్కపోతే కమీషన్ ఏజెంటు దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. తీసుకున్నాక కాయ ఆయన దగ్గరికే తోలాలి, ఆయన కాటా మీదే తూచాలి, ఆయన పట్టిన తరుగుకే ఒప్పుకోవాలి, ఆయన రాసిన చీటీయే చీటీ. అప్పిచ్చినవాడూ, అమ్మిపెట్టేవాడూ, తూచేవాడూ ఒకడే అయినచోట రైతు "మీ తూకంలో మోసం ఉంది" అని సూటిగా అన్నాడనుకోండి. మంచిదే. సాయంత్రానికి పాత బాకీ మొత్తం కట్టమంటారు, వచ్చే ఏడు పూతకి రూపాయి పుట్టదు. అందుకని అతను అలా అనడు. ట్రాక్టరు పక్కన నిలబడి, కాటా ముల్లు వైపు చూస్తూ, "మీ కాటా చల్లనిదండీ షావుకారుగారూ. మా తోటలో బరువుగా ఉన్నకాయ ఇక్కడికొచ్చేసరికి తేలికైపోద్ది. మోసేవాళ్ళకి ఎంత సుఖమో!" అంటాడు. హమాలీలు నవ్వుతారు. వెనక లైన్లో ఉన్న రైతులు నవ్వుతారు. షావుకారూ నవ్వక తప్పదు, కోప్పడితే నేరం ఒప్పుకున్నట్టవుతుంది. "భలేవాడివయ్యా" అంటాడు, కానీ నలుగురి ఎదుటా పడ్డ ఆ మాట వెనక్కి పోదు. ఆ రోజు తరువాత లైన్లో ఉన్న ప్రతివాడూ ముల్లు ఆగేదాకా కదలకుండా చూస్తాడు.

మళ్ళీ చూడండి, అందులోనూ అబద్ధం లేదు. కాయ తేలికవుతోంది, మోసేవాళ్ళకి సుఖంగానే ఉంది. సూటిగా మాట్లాడమని రైతుకి నేర్పదలుచుకున్నవాళ్ళు ఆ క్లాసేదో ముందు కాటా అవతలివైపున పెట్టండి. బరువెంత, తరుగెంత, కమీషనెంత, అడ్వాన్సులో జమ ఎంత, ఒక్కో అంకె ఒక్కో గడిలో, రైతు చదువుకోగలిగే తెలుగులో రాసి సంతకం పెట్టి ఇవ్వమని వాళ్ళకి నేర్పండి. ఆ చీటీ చేతికి వచ్చిన రోజున రైతు ఎంత సూటిగా మాట్లాడతాడో అప్పుడు విందురుగాని.